స్టెప్నీ తీసుకురా

ఎలిజబెత్ ఎవరిని ప్రశ్నించినా మొదట అడిగేది ఒక్కటే. చనిపోయిన మనిషీ మీరూ చివరిసారి ఎలా విడిపోయారు?

ఏ వేళకి ఎక్కడున్నారన్నది ముందే నేర్చుకుని వచ్చి అప్పజెప్పగలరు. ఎవరితో గొడవ ఉందో దాచుకోగలరు. కానీ గుమ్మం దగ్గరో, బండి పక్కనో, ఫోను పెట్టేసే ముందో ఆఖరుగా అనుకున్న రెండు ముక్కలు మాత్రం మనిషిని వదిలిపెట్టవు. అబద్ధం చెప్పేవాళ్ళు అక్కడే తడబడతారని ఆమె అనుభవం. చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున యాక్సిడెంటు కార్లు సర్వే చేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టింది. కార్లు చెప్పేది వినడం అప్పుడు నేర్చుకుంది. మనుషులు చెప్పేది వినడం ఇంకా నేర్చుకుంటూనే ఉంది.

పటమటలో టైర్ల షాపు నడిపే జాన్ పాల్ ఆ ప్రశ్న విని కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఉదయభాస్కర్ గారు తనతో ఆఖరుగా అన్నది టైరు సైజు గురించేనని చెప్పాడు. అది వినడానికే ఎలిజబెత్ వచ్చింది.

ఉదయభాస్కర్ నాట్య ప్రదర్శనలకి లైటింగ్ చేసేవాడు. డేనియల్ ఆ పనిలో భాగస్వామి. పోయిన శనివారం కూచిపూడిలో ప్రదర్శన ముగిశాక ఇద్దరూ ఎవరి కారులో వాళ్ళు బయల్దేరారు. డేనియల్ పటమట చేరాడు. ఉదయభాస్కర్ చేరలేదు. మర్నాడు పొద్దున కంకిపాడుకి ఇవతల, లాకుల దగ్గర కాలువలో అతని చిన్న తెల్లకారు కనిపించింది. అతను అందులోనే ఉన్నాడు. తల వెనక దెబ్బ నీళ్ళలో పడకముందే తగిలిందని డాక్టరు తేల్చాడు.

దారిలోంచి అతను డేనియల్‌కి ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. దాన్ని డేనియలే సి.ఐ. పూర్ణచంద్రరావుకి వినిపించాడు. "డేనియల్, స్టెప్నీ తీసుకురా. గట్టు రోడ్డు మీద లాకుల దగ్గర ఉన్నాను. పార్వతికి చెప్పకు, కంగారు పడుతుంది."

కారున్న వాళ్ళకి స్టెప్నీ అంటే డిక్కీలో ఉండే అదనపు చక్రం. టీ కొట్ల దగ్గరా పేకాట బల్లల దగ్గరా అదే మాటకి ఇంకో అర్థం ఉంది. పెళ్ళాం కాక ఉంచుకున్న ఆడమనిషి. సి.ఐ. రెండో అర్థం పట్టుకున్నాడు. ఆ ఆడమనిషి స్టెల్లా అని డేనియల్ చెప్పాడు. స్టెల్లా పటమటలోనే నాట్యం దుస్తులు కుడుతుంది. ఉదయభాస్కర్ పనిమీద ఆమె కొట్టుకి వెళుతుండేవాడు. మెసేజ్ వచ్చాక తాను స్టెల్లాకి ఫోను చేసి విషయం చెప్పాననీ, ఆమె ఆటోలో వెళ్ళి ఉంటుందనీ, తాను మాత్రం ఇల్లు కదల్లేదనీ డేనియల్ వాంగ్మూలం ఇచ్చాడు. స్టెల్లాని ముందు రోజు స్టేషనుకి తీసుకెళ్ళారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడతారు. అప్పటిదాకా ఆమె దర్జీ. ఆ తర్వాత ఊరందరికీ ఆమె స్టెప్నీయే.

ఎలిజబెత్‌ని ఈ కేసులోకి పిలిచింది స్టెల్లా తరఫువాళ్ళు కారు. ఉదయభాస్కర్ భార్య శివపార్వతి. "మా ఆయన్ని చంపినవాళ్ళు కావాలి నాకు, దొరికినవాళ్ళు కాదు," అంది ఆమె. వెళ్ళబోయే ముందు ఇంకో సంగతి కూడా చెప్పింది. కొత్త టైర్లు వేయించిన రోజున నాలుగు చక్రాల రిమ్ములకీ గంధం, కుంకుమ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టిందట. డిక్కీలో ఉన్న స్టెప్నీకి పెట్టడం మర్చిపోయిందట. అందుకే ఇలా అయిందేమోనని ఆమె బాధ.

జాన్ పాల్ షాపులో ఆ టైర్ల సంగతే నడుస్తోంది.

ఉదయభాస్కర్, డేనియల్ ఒకే మోడల్ కార్లు ఒకేసారి కొన్నారు. రెండింటికీ కంపెనీ ఇచ్చినవి పద్నాలుగు అంగుళాల ఇనుప రిమ్ములు, నూట అరవై అయిదు - ఎనభై సైజు టైర్లు. ఇద్దరివీ ఒకేసారి అరిగాయి. ఇద్దరూ కలిసే వచ్చారు. ఆ సైజు జాన్ పాల్ దగ్గర అప్పుడు లేదు. అదే రిమ్ముకి పట్టే నూట ఎనభై అయిదు వెడల్పువి రెండు రకాలు చూపించాడు. ఒకదాని మధ్య అంకె డెబ్బై, ఇంకోదానిది అరవై అయిదు. కంపెనీ ఒకటే, డిజైనూ ఒకటే.

"కారు కొనేటప్పుడు కూడా అంత ఆలోచించి ఉండరండీ భాస్కర్ గారు," అన్నాడు జాన్ పాల్. "వెడల్పు పెరిగితే పెరిగింది, ఎత్తు తగ్గకూడదన్నారు. తగ్గితే స్పీడు మీటరు అబద్ధం చెబుతుందంట, లైట్ల బరువుతో వెళ్ళేటప్పుడు కారు అడుగు స్పీడు బ్రేకర్లకి కొట్టుకుంటుందంట. ఫోనులో లెక్కలు కట్టి కట్టి డెబ్బై తీసుకున్నారు. అదే దగ్గరండి, పాత ఎత్తుకి."

"డేనియల్ గారు?"

"ఆయనకి టైరు బలిసినట్టు కనపడితే చాలండి. అరవై అయిదు వేసెయ్యమన్నారు. పైగా అయిదు తీసుకున్నారు. అందరూ నాలుగు మార్చి, పాతవాట్లో బాగున్నది డిక్కీలో పడేస్తారు. ఈయన స్టెప్నీ కూడా కొత్తదే కావాలన్నారు. అలాంటి బేరం నాకు ఏడాదికోసారి కూడా తగలదండి."

ఉదయభాస్కర్ స్టెప్నీలో గాలి చూశారా అని ఎలిజబెత్ అడిగింది. కొట్టమంటారా అని అడిగాననీ, ఆయన టైమవుతోందని వెళ్ళిపోయాడనీ జాన్ పాల్ చెప్పాడు. స్టెప్నీలో గాలి ఎవరు కొట్టించుకుంటారండీ, పంక్చరైనప్పుడు కదా దాని మొహం చూసేది, అని నవ్వబోయి ఆపేశాడు. విడిపోయేటప్పుడు ఉదయభాస్కర్ నిజంగా ఆఖరుగా అన్న మాట అప్పుడే గుర్తొచ్చింది అతనికి. ఈసారి వచ్చినప్పుడు అన్నిటికీ కలిపి కొట్టుదువుగాని, అన్నాడట.

ఎలిజబెత్ బయటికి వచ్చి తన కారు తాళం తీసింది. ఎక్కేముందు డిక్కీ తెరిచి తన స్టెప్నీని బొటనవేలితో నొక్కి చూసుకుంది. మెత్తగా దిగింది.

* * *

స్టేషనులో స్టెల్లాతో మాట్లాడటానికి కొద్దిసేపే ఇచ్చారు. మహిళా కానిస్టేబులు పక్కనే కూర్చుంది. స్టెల్లా చీర కుచ్చిళ్ళని వేళ్ళతో మడతలు పెడుతూనే ఉంది. కొట్టులో గుడ్డ మడతపెట్టే అలవాటు అది. శనివారం పొద్దున ఉదయభాస్కర్ దుస్తుల మూట తీసుకెళ్ళాడనీ, రాత్రి డేనియల్ ఫోను చేసి తరవాతి ప్రదర్శన దుస్తులు ఎప్పుడిస్తారని అడిగాడనీ చెప్పింది. లాకుల మాట గానీ, రమ్మనడం గానీ లేదు. రాత్రంతా షట్టరు దించుకుని కుట్టుకుంటూ కూర్చుంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

పొద్దున ఎలా విడిపోయారని ఎలిజబెత్ అడిగింది.

"నడుం పట్టీ ఒకటి బిగుతుగా ఉందన్నారండీ ఆంటీ. విప్పి మళ్ళీ కుడతానన్నాను. ఆ పట్టీ ఇంకా మిషను మీదే ఉంది." స్టెల్లా మడతలు ఆపింది. "నన్ను కోర్టుకి తీసుకెళ్ళేటప్పుడు మొహం మీద కొంగు వేసుకోనిస్తారా? ఆదివారం చర్చిలో పిల్లలకి పాటలు నేర్పించేది నేనే."

వేసుకోనిస్తారులే అంటే ఆమె కోర్టుకి వెళ్ళక తప్పదని ఒప్పుకోవడమే అవుతుందని ఎలిజబెత్‌కి తోచింది.

ఇదే ప్రశ్న ఆమె మొన్న డేనియల్‌ని కూడా అడిగింది. అతను వెంటనే జవాబిచ్చాడు. "మేం విడిపోలేదండీ. ఆయనే విడిపోదామన్నాడు." చేసే పని గురించి చెబుతున్నానని ఆ తర్వాత సర్దుకున్నాడు. కూచిపూడి ప్రదర్శన అయ్యాక ఎవరి దారి వాళ్ళదని ఉదయభాస్కర్ ముందే చెప్పాడట. అడిగినదానికి కాక అడగనిదానికి జవాబు చెప్పింది అతనొక్కడే.

* * *

కాలువలోంచి తీసిన కారు స్టేషను వెనక ఆవరణలో ఉంది. సి.ఐ. పూర్ణచంద్రరావు కూడా వచ్చాడు. తెలివి తక్కువవాడు కాదు, తొందర ఎక్కువైనవాడు. ఎలిజబెత్‌ని చూస్తే ఆయనకి ముందునుంచీ చిరాకు. రెండేళ్ళ కిందట ఆయన మూసేసిన ఒక కేసుని ఆమె తెరిపించింది.

"ఇన్సూరెన్సు క్లెయిముకి వచ్చారా మేడం?" అన్నాడు.

"కారు చూడటానికి వచ్చానండి."

"చూడండి. నాలుగు చక్రాలకీ కొత్త టైర్లు, నాలుగూ ఒకటే డిజైను. ఒక్కదానికీ పంక్చరు లేదు. అయిదోది డిక్కీలో ఉంది. పంక్చరు లేనివాడు స్టెప్నీ తెమ్మని ఎందుకు అంటాడు? ఒకవేళ పంక్చరైనా, డిక్కీలో స్టెప్నీ పెట్టుకుని ఇంకొకరిని తెమ్మంటాడా? పైగా పెళ్ళానికి చెప్పొద్దట. నేను చక్రాలు చూడకుండా అరెస్టు చెయ్యలేదు."

ఎలిజబెత్ వాదించలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు ఎక్కడా లేదు. డిక్కీ తెరిచి అడుగున స్టెప్నీని చూసింది. పాత టైరు, కంపెనీ వేసినది, నూట అరవై అయిదు - ఎనభై. బొటనవేలితో నొక్కింది. గాలి లేదు.

"ఇందులో గాలి లేదు. అందుకే ఇంకొకటి తెమ్మన్నాడు."

"కాలువలోంచి తీశాం మేడం. గాలి ఎప్పుడు పోయిందో మీకు చెప్పి పోయిందా?"

కానిస్టేబులు ఒకతను నవ్వాడు. ఎలిజబెత్ హ్యాండ్‌బ్యాగులోంచి టేపు తీసింది. అది లేకుండా ఆమె బజారుకి కూడా వెళ్ళదు. ముందు కుడి చక్రం దగ్గర కూర్చుని, నేల నుంచి రిమ్ము అంచు దాకా కొలిచింది. మోకాళ్ళు పట్టేసినా వెనక కుడి చక్రం, వెనక ఎడమ చక్రం దగ్గర కూడా అలాగే కొలిచింది. మూడూ సమానం. ముందు ఎడమ చక్రం దగ్గరికి వచ్చింది. టేపు చిటికెన వేలు వెడల్పు తక్కువ చూపించింది.

గాలిలో తేడా ఉండచ్చు. అందుకని కొలతని నమ్మలేదు. చీర కొంగుతో టైరు పక్కన అంటిన బురద తుడిచి, కళ్ళజోడు సర్దుకుని చదివింది. మిగతా మూడు కూడా తుడిచి చదివింది. మళ్ళీ మొదటిదానికి వచ్చి ఇంకోసారి చదివింది. ఆమె ఏదీ ఒక్కసారి చూసి వదలదు. ఇంటి తాళమైనా అంతే.

"సి.ఐ. గారూ, ఒకసారి ఇలా కూర్చుంటారా?"

ఆయన నిలబడే వంగి చూశాడు. కార్ల టైర్ల మీద మూడు అంకెలుంటాయని ఆమె చెప్పింది. మొదటిది వెడల్పు. ఆఖరుది రిమ్ము సైజు. మధ్యది టైరు పక్క ఎత్తు, వెడల్పులో నూటికి ఎంత ఉందో చెబుతుంది. ఈ నాలుగింటికీ వెడల్పు ఒకటే, రిమ్ము ఒకటే, కంపెనీ ఒకటే, కొత్తదనం కూడా ఒకటే. అందుకని నిలబడి చూస్తే ఏ తేడా తెలియదు.

"మధ్య అంకె చదవండి. అన్నిటికీ."

ఆయన చదివాడు. మొదట మామూలుగా, ఆ తర్వాత కిందికి కూర్చుని. మూడింటి మీద డెబ్బై. నాలుగోదాని మీద అరవై అయిదు.

"షాపువాడు పొరపాటున వేసుంటాడు."

జాన్ పాల్ చెప్పినదంతా ఎలిజబెత్ వరసగా చెప్పింది. డెబ్బై కావాలని ఉదయభాస్కర్ ఎంత పట్టుబట్టాడో, డేనియల్ అరవై అయిదు ఎందుకు తీసుకున్నాడో, అయిదోది ఎందుకు కొన్నాడో. జాన్ పాల్‌ని ఫోనులో పిలిచి ఆయనకే ఇచ్చింది. ఆయన అటు తిరిగి కాసేపు మాట్లాడి ఫోను తిరిగిచ్చాడు.

"మీరన్నట్టు చక్రాలు అయిదూ ఉన్నాయి," అంది ఎలిజబెత్. "కానీ అయిదూ ఈ కారువి కావు. ముందు చక్రం పంక్చరైంది. తన స్టెప్నీలో గాలి లేదు. స్నేహితుడిని స్టెప్నీ తెమ్మన్నాడు. స్నేహితుడు తెచ్చాడు, బిగించాడు కూడా. తను ఇల్లు కదల్లేదన్నాడే, ఆ మనిషి చక్రం ఇది."

"పంక్చరైన చక్రం ఏది మరి?"

"అదే మిమ్మల్ని అడగాలనుకున్నాను. అప్పటికి నాలుగు రోజుల కిందటే వేయించిన టైరు. మన వైపు కొత్త టైరుని కాలువలో ఎవరూ పారెయ్యరు. స్టెప్నీ ఖాళీ అయిన తన డిక్కీలో దాన్నే పడేసుకుని ఉంటాడు."

పూర్ణచంద్రరావు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఉంటాడు అన్న మాట మీద ఒక ఆడమనిషిని వదిలేసి ఇంకో మనిషిని ఎలా పట్టుకోమంటారని అడిగాడు. స్టెప్నీ ఎప్పుడో అరువిచ్చాననీ, శనివారం కాదనీ డేనియల్ అంటే ఏం చేస్తారన్నాడు. ఆ ప్రశ్న సరైనదే. అయితే ఈసారి ఆయన గొంతులో చిరాకు లేదు. డేనియల్ ఎక్కడున్నాడో కనుక్కోమని కానిస్టేబుల్ని పంపాడు. కాసేపటికి జవాబు వచ్చింది. ఇంటికి తాళం ఉంది, కారు లేదు.

శివపార్వతి ఈరోజు అస్థికలు కలపడానికి హంసలదీవి వెళుతున్నానని పొద్దున చెప్పింది. మరిది వస్తున్నాడని అంది. అప్పుడు ఎలిజబెత్ ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు అది గుర్తొచ్చింది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

"పార్వతి గారూ, ఎవరి కారులో వెళుతున్నారు?"

"డేనియల్ గారి కారులోనండి. మా మరిది అవనిగడ్డలో కలుస్తానన్నాడు. పాపం, తనే వచ్చి తీసుకెళతానన్నారు."

సి.ఐ. ఫోను వైపు ఒక అడుగు వేశాడు.

ఎక్కడిదాకా వెళ్ళారని ఎలిజబెత్ అడిగింది. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది. లాకుల దగ్గర ఆగామంది శివపార్వతి. ఆయన పోయినచోట ఒకసారి దండం పెట్టుకుంటానని తనే అడిగిందట. పూలు తెస్తానని డేనియల్ రోడ్డు దాకా వెళ్ళాడట.

"చుట్టుపక్కల ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరండి."

"అయితే మీరు గట్టు మీదుగా కంకిపాడు వైపు నడవండి. కారు దగ్గర ఉండొద్దు. ఎందుకని ఇప్పుడు అడక్కండి. మేము వస్తున్నాం."

సి.ఐ. అప్పటికే డ్రైవరుకి సైగ చేశాడు. జీపు స్టార్టయింది. శివపార్వతి ఏదో సందేహంలో పడినట్టు ఆగింది.

"కలశం డిక్కీలో ఉందండీ."

"ఉండనివ్వండి అమ్మా."

"ఆయన్ని వదిలేసి రమ్మంటారా?"

డిక్కీ దగ్గరికి వెళ్ళొద్దని ఎలిజబెత్ రెండుసార్లు అన్నా, అటువైపు డిక్కీ మూత పైకి లేచిన చప్పుడు వినిపించింది. తర్వాత కొద్దిసేపు గాలి హోరు.

"కలశం ఒరిగిపోయిందండీ," అంది శివపార్వతి. "కింద మ్యాటు ఎత్తుగా లేచి ఉంది. సర్ది పెడదామని తీస్తే, కింద చక్రం. దీనికి మేకు దిగబడి ఉంది." తర్వాత గొంతు తగ్గించింది. "ఎలిజబెత్ గారూ, దీనికి బొట్టు ఉంది. గంధం మీద కుంకుమ. ఇది నేను పెట్టింది. డేనియల్ గారింట్లో బొట్లు పెట్టరు కదండీ. ఇది మా చక్రం."

మిగతా మూడు చక్రాల బొట్లు కాలువలో కరిగిపోయాయి. నీళ్ళలో పడని చక్రం మీద ఒక్కటి మిగిలింది.

పూర్ణచంద్రరావు లోపలున్న మహిళా కానిస్టేబుల్ని పిలిచాడు. స్టెల్లాని కోర్టుకి తీసుకెళ్ళొద్దనీ, ఇంటికి పంపించమనీ చెప్పాడు. ఆ తర్వాత కంకిపాడు స్టేషనుకి ఫోను కలపమన్నాడు. ఎలిజబెత్ ఫోను చెవికి ఆనించుకునే జీపు ఎక్కింది.

"పార్వతి గారూ, మూత వేసేసి నడవండి. కలశం తీసుకునే నడవండి. వినపడుతోందా?"

జవాబు శివపార్వతి నుంచి రాలేదు. కొంచెం దూరంగా మగగొంతు ఒకటి, ఎంతో మర్యాదగా, ఏం వెతుకుతున్నారండీ, నేను తీసిస్తాను కదా, అంది. తర్వాత ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారినట్టు గరగరలాడింది. డిక్కీ మూత పడింది.

"ఎలిజబెత్ గారా?" అన్నాడు డేనియల్. "మొన్న మీరొకటి అడిగారు. చివరిసారి ఎలా విడిపోయారని. నేను సరిగ్గా చెప్పలేదండి."

అటువైపు శివపార్వతి గొంతు ఎక్కడా వినిపించడం లేదు.

"ఇక్కడేనండి," అన్నాడు అతను. ఫోను ఆగిపోయింది.